మీ పికప్ రీకాల్ జాబితాలో ఉందా? సెకండ్ హ్యాండ్ బండి కొన్న రైతులు చూసుకోవాల్సిన విషయాలు

ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు తయారైన బళ్లలో ఒక భాగం సరిగా లేదని అనుమానంగా ఉంది, సర్వీస్ సెంటర్‌కు తీసుకురండి, ఉచితంగా చూసి మారుస్తాం. వాహన కంపెనీలు అప్పుడప్పుడు ఇచ్చే ఇలాంటి ప్రకటననే రీకాల్ అంటారు. పేపర్లో బిజినెస్ పేజీలో నాలుగు లైన్ల వార్తగా వచ్చి పోతుంది. కార్ల సంగతైతే టీవీలో కూడా కాస్త కనిపిస్తుంది. పికప్‌లు, మినీ ట్రక్కుల సంగతైతే అదీ ఉండదు. కానీ ఈ బళ్లు నడిపేది ఎవరు? టమాటా, పాలు, చేపలు, ధాన్యం మార్కెట్‌కు చేర్చుకునే రైతులు, ఊళ్లో కిరాయికి తిప్పుకుని అప్పు కట్టుకునే కుర్రాళ్లు. బిజినెస్ పేజీ తిరగేసే తీరిక వీళ్లకు ఉండదు.

అందుకే రీకాల్ అనే మాట మన ఊళ్లలో రెండు రకాలుగా వినిపిస్తోంది. ఒకటి, "ఆ కంపెనీ బళ్లన్నీ వెనక్కి తీసుకుంటున్నారట, కొనకండి" అనే పుకారు. రెండోది, అసలు ఏమీ తెలియకపోవడం. మొదటిదాని వల్ల మంచి బండి వదులుకుంటాం. రెండోదాని వల్ల, ఉచితంగా బాగయ్యే లోపాన్ని చక్రాల కింద పెట్టుకుని తిరుగుతాం. నష్టం రెండోదాంతోనే ఎక్కువ.

ఇప్పటికే జరిగిన కొన్ని రీకాల్స్

2021లో మహీంద్రా కంపెనీ 29,878 పికప్ బళ్లను రీకాల్ చేసింది. 2020 జనవరి నుంచి 2021 ఫిబ్రవరి వరకు తయారైనవి ఇవి. ఫ్లూయిడ్ పైపు బిగింపు సరిగా జరగలేదేమో అన్న అనుమానంతో, ప్రతి బండినీ చూసి అవసరమైతే ఆ పైపు మారుస్తామని, అందుకు డబ్బు తీసుకోమని చెప్పింది.

మారుతి సూపర్ క్యారీ మినీ ట్రక్కు విషయంలో ఇలాంటివి ఒకటి కంటే ఎక్కువే జరిగాయి. 2018 జనవరి 20 నుంచి జులై 14 మధ్య తయారైన 640 బళ్లను ఫ్యూయల్ పంపు కోసం పిలిచారు. అదే ఏడాది ఏప్రిల్ 26 నుంచి ఆగస్టు 1 మధ్య తయారైన 5,900 బళ్లను ఫ్యూయల్ ఫిల్టర్ కోసం పిలిచారు. 2022 మే 4 నుంచి జులై 30 మధ్య తయారైన 5,002 బళ్లను డ్రైవర్ పక్క సీటు బెల్టు బకిల్ బ్రాకెట్ బోల్టు కోసం పిలిచారు. ఆ బోల్టు తగినంత గట్టిగా బిగించలేదేమో అని అనుమానం.

ఈ తేదీలను ఒకసారి జాగ్రత్తగా చూడండి. ఎక్కడా "సూపర్ క్యారీ బళ్లన్నీ" అని గానీ, "మహీంద్రా పికప్‌లన్నీ" అని గానీ లేదు. కొన్ని నెలల్లో, కొన్నిసార్లు మూడు నెలల లోపే తయారైన ఒక జట్టు బళ్లు అంతే. ఫ్యాక్టరీలో ఆ రోజుల్లో ఒక పైపో, ఒక బోల్టో, బయటి నుంచి వచ్చిన ఒక విడి భాగమో సరిగా లేదు. దానికి ముందు తయారైన బండికి ఆ బెడద లేదు, తరువాత తయారైనదానికీ లేదు. విత్తనాల విషయంలో మనం లాట్ నంబరు చూస్తాం కదా. ఒక లాట్ మొలక సరిగా రాలేదంటే ఆ రకమే చెడ్డదని అనం. రీకాల్ కూడా లాట్ వ్యవహారమే.

కాబట్టి ఒక మోడల్‌కు రీకాల్ వచ్చిందన్న ఒక్క కారణంతో దాన్ని కొట్టిపారేయాల్సిన పని లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఒక మోడల్‌కు ఇంతవరకు రీకాలే రాలేదంటే అందులో లోపాలు లేవని అర్థం కాదు. లోపం లేకపోవచ్చు, లేదా ఉన్నా ఎవరూ వెతకకపోయి ఉండవచ్చు. తన తప్పు తానే కనిపెట్టి, కొన్నవాళ్లను పిలిచి బాగుచేసే కంపెనీని అనుమానించడం కంటే, ఏళ్ల తరబడి ఒక్కటీ ప్రకటించని కంపెనీని నాలుగు ప్రశ్నలు అడగడం మేలని మా అభిప్రాయం.

కబురు మీ దాకా ఎందుకు రాదు?

అసలు చిక్కు ఇక్కడుంది. రీకాల్ ప్రకటించినప్పుడు కంపెనీ, డీలరు తమ దగ్గరున్న జాబితా చూసి కొన్నవాళ్లకు ఫోన్ చేస్తారు, మెసేజ్ పంపుతారు. ఆ జాబితాలో ఉండేది షోరూంలో బండి కొన్న మొదటి యజమాని పేరు, అప్పటి ఫోన్ నంబరు.

ఇప్పుడు మన ఊళ్లో బండి ఎలా చేతులు మారుతుందో చూడండి. మొదట పట్నంలో ఎవరో కొంటారు. మూడు నాలుగేళ్లు తిప్పి కన్సల్టెన్సీలో పెడతారు. లేదా కిస్తీలు కట్టలేకపోతే ఫైనాన్స్ వాళ్లు పట్టుకుపోయి వేలం వేస్తారు. అక్కడి నుంచి బ్రోకర్ ద్వారా రైతు చేతికి వస్తుంది. చాలాసార్లు ఆర్‌సీ మీద పేరు కూడా మారదు. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు పెట్టుకుని ఏళ్ల తరబడి తిప్పుతుంటారు. అలాంటప్పుడు కంపెనీ పంపిన మెసేజ్ ఎవరికి వెళ్తుంది? బండితో సంబంధం తెగిపోయిన మొదటి యజమానికి. ఆయన చూసి ఊరుకుంటాడు. కంపెనీ తన పని చేసినట్టే లెక్క. ఆ పైపో, ఆ ఫిల్టరో మాత్రం మీ బండిలో అలాగే ఉంటుంది.

సర్వీసు విషయంలోనూ ఇంతే. షోరూం సర్వీస్ సెంటర్‌కు వెళ్లే బండికి రీకాల్ పెండింగ్‌లో ఉంటే అక్కడి కంప్యూటర్‌లో కనిపిస్తుంది. మనం వారంటీ అయిపోగానే ఊరి షెడ్డుకు మారిపోతాం. అందులో తప్పేమీ లేదు, షెడ్డు మెకానిక్ పనితనం చాలాసార్లు బాగానే ఉంటుంది, డబ్బూ తక్కువే. కానీ ఆయన దగ్గర కంపెనీ జాబితా ఉండదు.

అందువల్ల మీరే అడగాలి. అడగడం పెద్ద కష్టం కాదు. ఆర్‌సీ తీయండి. అందులో ఛాసిస్ నంబరు, తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ఛాసిస్ నంబరు 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. దాన్ని బండి ఛాసిస్ మీద కొట్టిన నంబరుతో సరిచూసుకోండి, రెండూ ఒకటే ఉండాలి. తరువాత దగ్గర్లో ఉన్న ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు గానీ, కంపెనీ కస్టమర్ కేర్‌కు గానీ ఫోన్ చేసి, "ఈ ఛాసిస్ నంబరు మీద రీకాల్ గానీ, సర్వీస్ క్యాంపెయిన్ గానీ పెండింగ్ ఉందా?" అని అడగండి. ఈ రెండు మాటలూ కలిపి అడగడం ముఖ్యం. చిన్న లోపాలను కంపెనీలు రీకాల్ అనకుండా సర్వీస్ క్యాంపెయిన్ అని వేరే పేరుతో సరిచేస్తుంటాయి. రీకాల్ ఒక్కటే అడిగితే లేదని చెప్పి ఫోన్ పెట్టేస్తారు.

ఫోన్‌లో నంబరు చెప్పేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఛాసిస్ నంబరులో ఇంగ్లిష్ అక్షరాలు ఐ, ఓ, క్యూ వాడరు. ఒకటి, సున్నాలతో కలగాపులగం అవుతాయనే ఈ ఏర్పాటు. కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నా, నిలువు గీతలా కనిపించేది ఒకటి. అక్షరం తప్పు చెబితే వాళ్ల కంప్యూటర్ "ఈ బండి లేదు" అంటుంది, మీరు రీకాల్ లేదని అనుకుంటారు. వాట్సాప్‌లో ఆర్‌సీ ఫొటో పంపడం ఇంకా సులువు. మారుతి 2018 ఫ్యూయల్ ఫిల్టర్ రీకాల్ సమయంలో తన వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు వేసి చూసుకునే వీలు కూడా ఇచ్చింది.

పెండింగ్ ఉందని తేలితే పనికి డబ్బు అడగకూడదు. వారంటీ అయిపోయిందనో, మీరు మొదటి యజమాని కాదనో అంటే, ఆ లోపం ఫ్యాక్టరీలో వచ్చిందని, బండి ఎవరి చేతిలో ఉందన్నదానితో సంబంధం లేదని చెప్పండి. పని అయ్యాక జాబ్ కార్డు కాపీ తప్పకుండా తీసుకోండి. రీకాల్ పని చేశారని, ఏ భాగం మార్చారో, ఏ తేదీన మార్చారో అందులో రాసి ఉండాలి. రేపు మీరు బండి అమ్మేటప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

2021కి ముందు మన దేశంలో రీకాల్ అనేది కంపెనీల ఇష్టం. వాహన తయారీదారుల సంఘం సియామ్ 2012లో ఒక స్వచ్ఛంద నియమావళి పెట్టుకుంది, దాని ప్రకారమే నడిచేది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ అనే సెక్షన్ చేర్చారు. దానికి సంబంధించిన నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

బండిలో లోపం వల్ల డ్రైవరుకు, బండిలో ఉన్నవాళ్లకు, రోడ్డు మీద వెళ్లే ఇతరులకు లేదా పర్యావరణానికి హాని జరిగేలా ఉంటే, ఆ రకం బళ్లను వెనక్కి పిలవమని కంపెనీని ఆదేశించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది. లోపం ఒక విడి భాగంలో ఉంటే ఆ భాగం వాడిన అన్ని రకాల బళ్లనూ పిలవమనవచ్చు. అలా ఆదేశం వస్తే కంపెనీ బండి ఖరీదు తిరిగి ఇవ్వాలి, లేదా అలాంటిదే వేరే బండి ఇవ్వాలి, లేదా బాగుచేసి ఇవ్వాలి. ఆదేశం దాకా తెచ్చుకున్న కంపెనీకి రూ.10 లక్షల నుంచి రూ.కోటి వరకు జరిమానా ఉంది. తానే ముందుగా లోపం గుర్తించి ప్రభుత్వానికి చెప్పి రీకాల్ మొదలుపెడితే ఈ జరిమానా పడదు. పైన చెప్పుకున్న రీకాల్స్ అన్నీ కంపెనీలు తామే ప్రకటించినవే.

రైతు కోణంలో చూస్తే ఈ నిబంధనల్లో రెండు సంగతులు ముఖ్యం. ఒకటి ఫిర్యాదుల సంఖ్య. ఆ మోడల్ ఏడాదికి ఎన్ని అమ్ముడవుతుందో దాన్నిబట్టి ఇన్ని ఫిర్యాదులు వస్తేనే ప్రభుత్వం కదులుతుంది అని లెక్క పెట్టారు. అంటే ఊరి షెడ్డు దగ్గర టీ తాగుతూ "ఈ మోడల్‌కు అందరికీ ఇదే సమస్య" అని పదిమంది అనుకుంటే ఆ పది ఎక్కడా లెక్కకు రావు. వాహన్ పోర్టల్‌లో వాహన రీకాల్ విభాగం ఉంది. అందులో యజమాని తన బండి వివరాలతో నమోదు చేస్తేనే అది ఫిర్యాదు. అందుకు బండి మీ పేరు మీద ఉండాలి, వాహన్‌లో మీ ఫోన్ నంబరు సరిగా ఉండాలి. పేరు మార్పించుకోని వాళ్లకు ఈ దారి మూసుకుపోయినట్టే.

రెండోది వయసు. ఈ నిబంధనలు 7 ఏళ్ల లోపు బళ్లకే వర్తిస్తాయి. పట్నంలో కొత్త బండి కొని అయిదేళ్లకు మార్చేవాడికి ఇది సరిపోతుంది. చిన్న రైతు బండి కొనడమే అయిదారేళ్ల తరువాత. అప్పటి నుంచి ఇంకో పదేళ్లు తిప్పాలనే ఉద్దేశంతోనే కొంటాడు. బండి మీద ఎక్కువ కాలం ఆధారపడేవాడికి చట్టం అండ తక్కువ కాలం ఉండటం సరైన పద్ధతి కాదు. అమెరికాలో ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఛాసిస్ నంబరు వేస్తే, గత 15 ఏళ్లలో వచ్చి ఇంకా పని చేయించుకోని రీకాల్స్ కనిపిస్తాయి. బండి ఎన్నో చేయి అన్నదానితో నిమిత్తం లేదు. మన దగ్గర కనీసం ఎఫ్‌సీకి వెళ్లినప్పుడు, పేరు మార్పిడికి వెళ్లినప్పుడు "మీ బండికి ఫలానా రీకాల్ పని మిగిలి ఉంది" అని ఆర్టీఏ కార్యాలయంలోనే చెప్పే ఏర్పాటు చేయాలి. పికప్‌లకు మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, తరువాత ఏటా ఎఫ్‌సీ ఎలాగూ తప్పదు. కొత్తగా ఎవరినీ ఎక్కడికీ తిప్పాల్సిన పని లేదు. రైతు సంఘాలు అడగాల్సిన కోరికల్లో ఇది ఒకటి.

పేరున్న బండికే తుప్పు పట్టిన కథ

రీకాల్ అనేది ఫ్యాక్టరీ లోపానికి మందు. బండి పదిహేనేళ్లు నిలబడుతుందా లేదా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండూ కలిసిన ఉదాహరణ ఒకటి అమెరికాలో ఉంది, మన కోస్తా రైతులకు అది బాగా పనికొస్తుంది.

టయోటా టకోమా అని అక్కడ అమ్మే పికప్. ఇంజను ఎంత తిప్పినా చెడదని దానికి పెద్ద పేరు. అలాంటి బండి ఛాసిస్ ఫ్రేములు తుప్పు పట్టి చిల్లులు పడటం మొదలైంది. చలి ప్రాంతాల్లో రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్లు బండి కిందికి ఎగిరి ఫ్రేము లోపల చేరేవి. తుప్పు పట్టకుండా ఫ్రేముకు వేసిన పూత చాల్లేదన్నది కొన్నవాళ్ల వాదన. 2008లో టయోటా 1995 నుంచి 2000 వరకు వచ్చిన టకోమాలకు ఫ్రేము తుప్పు విషయంలో వారంటీని 15 ఏళ్లకు పెంచింది. మరీ పాడైన బళ్లను అప్పటి విలువకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి తిరిగి కొనుక్కుంది. తరువాతి మోడళ్ల యజమానులు కోర్టుకు వెళ్లారు. 2016లో ఒప్పందం కుదిరింది. టకోమాతో పాటు టండ్రా, సెకోయా కలిపి సుమారు 15 లక్షల బళ్ల ఫ్రేములు పరీక్షించి, అవసరమైతే మార్చాలి. దాని విలువ 340 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అంచనా వేశారు. తప్పు చేశామని మాత్రం టయోటా ఒప్పుకోలేదు.

మన దగ్గర మంచు లేదు, రోడ్ల మీద ఉప్పు చల్లం. కానీ భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చేపలు, రొయ్యలు మోసే పికప్ కిందికి ఒకసారి వంగి చూడండి. ఐసు కరిగిన నీళ్లు, చేపల నీళ్లు బాడీ సందుల్లోంచి కారి రోజూ ఫ్రేము మీద పడుతుంటాయి. ఉప్పునీటి చెరువుల దగ్గర తిరిగే బండి సంగతి చెప్పనక్కర్లేదు. మెట్ట ప్రాంతంలోనూ ఈ బాధ వేరే రూపంలో ఉంది. ఎరువుల బస్తాలు మోసినప్పుడు చిరిగిన బస్తాలోంచి రాలిన పొటాష్ తేమ తగిలి నీరవుతుంది. పొటాష్ అంటే రసాయనికంగా ఉప్పుకు దగ్గరి చుట్టం, ఇనుమును అలాగే తింటుంది. కోళ్ల ఎరువు మోసినా ఇదే కథ.

ఫ్రేము తుప్పును ఎఫ్‌సీ ముందు నల్ల రంగు కొట్టి కప్పేయడం మన దగ్గర అలవాటు. రంగు కింద తుప్పు ఆగదు. అలాంటి లోడు దించిన రోజే మంచినీళ్లతో బండి కింద భాగం కడగండి. పైన కడిగి మెరిపించకపోయినా నష్టం లేదు, కింద కడగాలి. ఫ్రేములో నీళ్లు కారిపోవడానికి కంపెనీ పెట్టిన చిన్న రంధ్రాలు మట్టితో పూడకుండా చూసుకోవాలి. ఏడాదికోసారి, వానాకాలానికి ముందు, తుప్పు గీకించి తుప్పు నిరోధక పూత వేయించాలి.

లోడు లెక్క ఆర్‌సీలోనే ఉంది

తుప్పు తరువాత పికప్ ఆయుష్షు తినేది లోడు. ఇది అందరికీ తెలిసిందే, కానీ లెక్క వేసేవాళ్లు తక్కువ. ఆర్‌సీలో బండి ఖాళీ బరువు, లోడుతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు ఉంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మీరు వేయదగ్గ బరువు. కొన్నాక కట్టించిన ఇనుప గ్రిల్లు, పైన కూర్చునే మనుషులు కూడా అందులోకే వస్తారు.

1,700 కిలోలు మోయగల పికప్‌లో 75 కిలోల ధాన్యం బస్తాలు 22 పడతాయి. తెలంగాణ కొనుగోలు కేంద్రాల 40 కిలోల బస్తాలైతే 42. 750 కిలోల చిన్న మినీ ట్రక్కులో 75 కిలోలవి పదే. మనం చూసే లోడ్లు ఇలా ఉంటాయా? ముప్పై బస్తాలు వేసి "లాగేస్తుంది" అంటాం. నిజమే, ఇంజను లాగుతుంది. ఆపాల్సింది బ్రేకులు, మోయాల్సింది కమాన్ కట్టలు, వెనక యాక్సిల్, ఫ్రేము. ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

ఇందులో రీకాల్‌కు సంబంధించిన కిటుకు కూడా ఉంది. ఎప్పుడూ అధిక లోడు మోసిన బండి ఫ్రేము పగిలితే, లోపం ఫ్యాక్టరీదా లోడుదా అన్న వాదన వస్తుంది. ఆ వాదనలో గెలవడం కష్టం. లోడు హద్దులో ఉంచుకున్నవాడి ఫిర్యాదుకే బలం.

బీఎస్6 బళ్లకు కొత్త జాగ్రత్తలు

2020 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లన్నీ బీఎస్6 ప్రమాణంతో వస్తున్నాయి. ఈ డీజిల్ బళ్లలో చాలావాటికి పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. దాన్ని డీపీఎఫ్ అంటారు. బండి కొంతసేపు ఒకే వేగంతో నడిచి పొగ బాగా వేడెక్కితేనే అందులో చేరిన మసి కాలిపోతుంది. పొలం నుంచి ఇంటికి, ఇంటి నుంచి కేంద్రానికి రెండేసి కిలోమీటర్లు తిరిగే బండిలో ఆ వేడి రాదు. ఫిల్టరు పూడుకుపోయి డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, లాగుడు తగ్గుతుంది. లైటు వెలిగిన తొలి రోజుల్లోనే మాన్యువల్‌లో చెప్పినట్టు హైవే మీద కొంతసేపు నడిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. నెలల తరబడి వదిలేస్తే ఫిల్టరే మార్చాల్సి వస్తుంది, అది ఖరీదైన పని. ఫిల్టరు పీకించేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది చట్ట విరుద్ధం, వారంటీ కూడా పోతుంది.

డీజిల్ శుభ్రత విషయంలోనూ ఈ ఇంజన్లు ఓర్చుకోవు. 2021 జులైలో మహీంద్రా నాసిక్ ఫ్యాక్టరీలో జూన్ 21, జులై 2 మధ్య తయారైన 600 లోపు డీజిల్ బళ్లను వెనక్కి పిలిచింది. ఫ్యాక్టరీకి వచ్చిన కలుషిత ఇంధనం వల్ల ఇంజను భాగాలు దెబ్బతిని ఉంటాయని అనుమానం. కొత్త బండికే, కొద్ది రోజుల ఇంధనంతోనే అంత పని పడిందంటే, మనం డ్రమ్ముల్లో నిలవ పెట్టి, పాత క్యాన్లతో పోసే డీజిల్ సంగతి ఆలోచించండి. ఫ్యూయల్ ఫిల్టరు దగ్గర చేరే నీళ్లు మాన్యువల్‌లో చెప్పిన గడువుకు తీయించడం మరవకండి.

సెకండ్ హ్యాండ్ బండి కొనే ముందు

అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్‌సీ ఫొటో అడగండి. ఇవ్వడానికి నసిగితే ఆ బేరం వదులుకోండి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు వేసి ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్ గడువులు, ఫైనాన్స్ ఉందో లేదో చూడండి. తరువాత ఛాసిస్ నంబరుతో సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి రీకాల్ సంగతి, వాళ్ల దగ్గర జరిగిన పాత సర్వీసుల సంగతి అడగండి. రీకాల్ పెండింగ్ ఉందని తెలిస్తే బేరం చెడగొట్టుకోనక్కర్లేదు. అమ్మేవాడినే ఆ పని చేయించి జాబ్ కార్డుతో బండి ఇమ్మనండి.

బండి చూడటానికి వెళ్లినప్పుడు రంగు, సీట్లు, పాటల పెట్టె తరువాత చూడవచ్చు. ముందు ఒక చిన్న సుత్తి పట్టుకుని బండి కిందికి దూరండి. వెనక యాక్సిల్ పైన ఫ్రేము వంపు, కమాన్ కట్టలు తగిలించే బ్రాకెట్లు, అతుకుల దగ్గర మెల్లగా తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది మొద్దు శబ్దం చేస్తుంది, పొరలు రాలుతాయి. కొత్తగా వెల్డింగ్ చేసిన గుర్తులు, ఒకే చోట తాజా నల్ల రంగు కనిపిస్తే అక్కడే ఇంకోసారి తట్టండి. ఫ్రేము పోయిన బండికి ఇంజను ఎంత బాగున్నా ఆ ధర పెట్టకూడదు.

కొన్నాక 29, 30 ఫారాలతో పేరు మార్పిడి వెంటనే చేయించుకోండి. ఫైనాన్స్ ఉన్న బండి అయితే ఫారం 35, ఫైనాన్స్ సంస్థ ఎన్ఓసీ కూడా కావాలి. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మీ పేరు మీదకు మార్పించుకోవాలి. వాహన్‌లో మీ ఫోన్ నంబరు ఎక్కించండి. ఆ పని కాగానే బండి కంపెనీ కస్టమర్ కేర్‌కు కూడా ఫోన్ చేసి, ఈ ఛాసిస్ నంబరు బండి ఇప్పుడు మాది, మా ఫోన్ నంబరు రాసుకోండి అని చెప్పండి. తరువాతి రీకాల్ మెసేజ్ మీకు వచ్చేది ఈ ఒక్క ఫోన్ వల్లే.

సర్వీస్ సెంటర్ రీకాల్ పని చేయనన్నా, డబ్బు అడిగినా, ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. "ఇది సరుకు రవాణా బండి, వాణిజ్య అవసరానికి కొన్నారు, మీరు వినియోగదారు కాదు" అని అవతలి లాయరు వాదించవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టమే దీనికి జవాబు చెప్పింది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునే వస్తువు వాణిజ్య అవసరం కిందికి రాదు. ఒక్క బండి పెట్టుకుని తానే నడుపుకునే రైతుకు ఈ మాట వర్తిస్తుంది. నాలుగు బళ్లు, జీతానికి డ్రైవర్లు ఉన్నవాళ్లకు కష్టం. సమస్య మొదలైన రెండేళ్ల లోపు కేసు వేయాలి. బండికి చెల్లించిన ధర రూ.5 లక్షల లోపైతే కమిషన్ ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల వరకు రూ.200, 10 నుంచి 20 లక్షల వరకు రూ.400.